దవడ పట్టు

మేకను కొనే ముందు దాని నోరు తెరిచి చూడాలి. ఎడమచేత్తో మెడ వెనక బిగించి పట్టుకుని, కుడిచేతి బొటనవేలిని పెదవి పక్కనుంచి లోపలికి దూర్చాలి. ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య కొంత ఖాళీ చిగురు ఉంటుంది. అక్కడ నొక్కితే ఎంత మొండి మేకైనా నోరు తెరుస్తుంది. కొరకలేదు. పళ్ళను బట్టి వయసు, నాలుకను బట్టి ఒంట్లో సంగతి తెలుస్తాయి. నాలుక ఎర్రగా, తడిగా ఉంటే బేరం మొదలవుతుంది. తెల్లగా పూత కట్టి ఉంటే ఆ మేకను పక్కకు నెడతారు. అలా పక్కకు నెట్టిన మేక తిరిగి మందలో కలవడం పెంటయ్య ఎన్నడూ చూడలేదు.

ఈ పట్టు అతనికి తండ్రి నేర్పాడు. తమ్ముడు జంగయ్యకు పెంటయ్య నేర్పాడు. నేర్పడానికి మేక లేనప్పుడు తమ్ముడి దవడనే పట్టుకుని చూపించేవాడు. జంగయ్య కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పెంటయ్య నవ్వేవాడు.

వాళ్ళ మటన్ దుకాణం ఖానామెట్ పాత ఊళ్ళో ఉంది. ముందు సందు, సందు చివర రోడ్డు, రోడ్డుకు అవతల సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు. పొద్దెక్కాక ఆ అద్దాల మీద పడిన ఎండ తిరిగొచ్చి దుకాణంలో వేలాడే మేకల మీద పడుతుంది. మాంసం తొందరగా నల్లబడుతుందని జంగయ్య దానికి అడ్డంగా గోనెపట్టా కడతాడు.

ఒక ఉదయం జంగయ్య వెనకవైపు మేక తోలు ఒలుస్తుండగా, పెంటయ్య తన ముఖానికున్న మాస్క్ కిందికి లాగి, గోడమీది అద్దం ముందు నిలబడి, బొటనవేలితో తన దవడను తానే తెరుచుకుని చూశాడు.

నాలుక తెల్లగా ఉంది. నాలుక ఒక్కటే కాదు. బుగ్గల లోపల, అంగిలి మీద, గొంతు మొదట్లో, విరిగిన పాల తరకల్లాంటివి అంటుకుని ఉన్నాయి. వేలితో ఒకదాన్ని గీకాడు. అది ఊడి వచ్చింది. కింద పచ్చి పుండు ఉంది. దానిలోంచి రక్తం ఊరింది.

అతను మాస్క్ పైకి లాక్కున్నాడు. ఆ వేలిని లుంగీకి తుడిచాడు. మేకలు కట్టేసే కొట్టం వైపు ఒకసారి చూసి, కుర్చీలో కూర్చున్నాడు.

నలభై ఎనిమిదేళ్ళ పెంటయ్య చిన్నప్పటి నుంచి చేతులతోనే మాట్లాడిన మనిషి. బడిలో పంతులు కొడితే తిరిగి కొట్టి బడి మానేశాడు. ఊళ్ళో భూములు అమ్ముడుపోయిన కాలంలో బ్రోకర్ల వెంట తిరిగి, చెప్పిన చోట చెప్పిన వాళ్ళను కొట్టాడు. ఒకసారి ఒక మనిషిని వాచ్‌మన్ గదిలోంచి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఆ మనిషి పళ్ళు గడపకు తగిలి విరిగిన చప్పుడు అతనికి ఇప్పటికీ గుర్తుంది. అది గుర్తొచ్చినప్పుడు బాధపడడు, సిగ్గుపడడు. చప్పుడు వినిపిస్తుంది, అంతే.

తండ్రి పోయిన తర్వాత మొద్దు దగ్గర ఎవరు నిలబడాలన్న మాట వచ్చింది. మాంసం కొట్టే ఆ చింతమొద్దు దగ్గర నిలబడేవాడే దుకాణానికి పెద్ద. తోలు ఒలిచేవాడు వెనక ఉంటాడు. జంగయ్య తన ఎడమచేతిని మొద్దు మీద చాచి పెట్టి, దీని మీద నాకూ హక్కుంది అన్నాడు. పెంటయ్య చేతిలో కత్తి ఉంది. అది పైకి లేచింది. కిందికి దిగింది. చిటికెన వేలు, దాని పక్క వేలు అప్పటికే కొట్టి పెట్టిన కీమాలో పడ్డాయి. ఏరుకోవడానికి కొంత సమయం పట్టింది.

పనిలో కత్తి జారి తనకు తానే నరుక్కున్నానని జంగయ్య దవాఖానలో చెప్పాడు. పోలీసులకూ అదే చెప్పాడు. ఆ తర్వాత పదేళ్ళు అన్నతో మాట్లాడలేదు. దుకాణం మాత్రం ఇద్దరూ కలిసే నడిపారు. పెంటయ్య మొద్దు దగ్గర, జంగయ్య వెనక. వాళ్ళ మధ్య మాటలు మోసింది మాంసం కొనడానికి వచ్చినవాళ్ళు. మీ అన్న తలకాయ కాల్చమంటున్నాడండి అని ఒకరు లోపలికి చెప్పేవారు. బొగ్గులు లేవని చెప్పమన్నాడండి అని ఇంకొకరు బయటికి చెప్పేవారు. సందులో అందరికీ అది అలవాటైపోయింది.

కాళ్ళు లాగుతున్నాయని పెంటయ్య మెడికల్ షాపులో నొప్పి గోళీలు కొని పల్లీల్లా నమిలేవాడు. బీపీ ఉందని ఎవరో చెబితే, అది ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళ రోగం అన్నాడు. ముఖం ఉబ్బింది. కాళ్ళు ఉబ్బాయి. చూపించుకునేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. రక్తం కడిగే యంత్రం పక్కన మంచం మీద పడుకుని, తన రక్తం గొట్టంలో బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావడం చూస్తూ ఉండేవాడు. భార్య అండాలు తన కిడ్నీ ఇస్తానంది. ఆమెకు షుగర్ ఉందని డాక్టర్లు వద్దన్నారు.

ఎవరికీ చెప్పకుండా జంగయ్య వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాడు. కలిసింది. ఆ రోజు అన్నను పోచమ్మ గుడికి తీసుకెళ్ళి, పసుపు రాసిన రాయి మీద చెయ్యి పెట్టించాడు. పదేళ్ళ తర్వాత అన్నతో అతను నేరుగా మాట్లాడిన మొదటి మాట ఇది.

“తాగొద్దు. తంబాకు పెట్టొద్దు. పెట్టినవనుకో, నేనిచ్చింది నేనే తీస్కుంట.”

పెంటయ్య ఇరవై ఏళ్ళకు పైగా తంబాకులో సున్నం నలిపి పెదవి కింద పెట్టుకున్నవాడు. ఆ సున్నానికి అతని నోరు లోపల ఎప్పుడూ పొక్కిపోయి తెల్లగా ఉండేది. రాయి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ రోజు నుంచి ముట్టలేదు. ఇది అతని జీవితంలో మాట నిలబెట్టుకున్న ఒకే ఒక్క విషయం.

ఆపరేషన్ జరిగింది. తమ్ముడి కిడ్నీని అతని పొట్టలో కుడివైపు, కింద, తొడకు దగ్గరగా పెట్టారు. అక్కడ చేత్తో తడిమితే గట్టిగా తగిలేది. డిశ్చార్జ్ చేసే రోజు దవాఖానలో నవ్య అనే కోఆర్డినేటర్ చాలా సేపు జాగ్రత్తలు చెప్పింది. గోళీలు వేళ తప్పకూడదు. మాస్క్ తీయకూడదు. మేకలను ముట్టకూడదు, రక్తం ముట్టకూడదు. పొద్దునా సాయంత్రం నోరు పుక్కిలించి చూసుకోవాలి, తెల్లగా కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. పెంటయ్య పెళ్ళిలో మంత్రాలు విన్నట్టు విన్నాడు. గోళీలు, మాస్క్ గుర్తున్నాయి. నోటి సంగతి గుర్తులేదు.

మొద్దు దగ్గరికి జంగయ్య వచ్చాడు. పెంటయ్య గల్లా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆపరేషన్ తర్వాత జంగయ్య ఒక పని మానేశాడు. గుర్దాలు అమ్మడం మానేశాడు. మేక కడుపు కోయగానే ఆ రెంటినీ తీసి, పేగులూ చెత్తా వేసే నీలం డ్రమ్ములోకి విసిరేసేవాడు. సోమేశ్వరరావు గారని, రోడ్డవతల అపార్ట్‌మెంట్లలో ఉండే రిటైర్డ్ ఆఫీసరు, కాకినాడ వైపు మనిషి, ప్రతి ఆదివారం స్టీలు డబ్బా తెచ్చుకుని అడిగేవాడు, ఏం బాబూ, మీ మేకలకు కిడ్నీలుండవా అని. జంగయ్య కత్తి నూరుకునేవాడు.

ఇప్పుడు పెంటయ్య నోరు తెల్లబడింది.

మొదట అతను దాన్ని ఒక మనిషిని కొట్టినట్టు కొట్టాడు. పొద్దున్నే స్టీలు నాలుకబద్ద తీసుకుని, బోరు నీళ్ళ పంపు దగ్గర కూర్చుని, నాలుకను మొదలు నుంచి కొస దాకా గీకాడు. తెల్లది పోయింది. రక్తం వచ్చింది. ఉప్పు వేసుకుని పుక్కిలించాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. మర్నాటికి తెల్లది మళ్ళీ వచ్చింది, ఇంకా మందంగా. మళ్ళీ గీకాడు. వారం తిరిగేసరికి నాలుక ఒలిచిన మేక తొడలా ఉంది. దాని మీద కూడా తెల్లది పట్టింది. ఏది తిన్నా తుప్పు రుచి, కాకపోతే ఏ రుచీ లేదు.

తర్వాత మింగడం కష్టమైంది. మెతుకు దిగినా ఛాతీ లోపల ఎవరో ఎముక ముక్కతో గీరినట్టుండేది. నీళ్ళు కూడా అలాగే దిగేవి.

అండాలుకు చెప్పలేదు. జంగయ్యకు అసలే చెప్పలేదు. చెబితే తమ్ముడు ఏమనుకుంటాడో అతనికి తెలుసు. ఇరవై ఏళ్ళు సున్నంతో తెల్లబడిన నోరు మళ్ళీ తెల్లబడితే ఎవరైనా అదే అనుకుంటారు. ఒకవేళ నమ్మినా, అప్పుడు ఇంకోటి చెప్పాలి. అది పెంటయ్య మనసులో తేల్చుకున్న మాట. మేకకు లోపల ఏదో కుళ్ళినప్పుడే నోట్లో కనిపిస్తుంది. తనలో కుళ్ళేది ఏదో అతనికి తెలుసు. కుడివైపు, కింద, తొడకు దగ్గరగా ఉన్నది. తమ్ముడి వేళ్ళు తీసినవాడు తమ్ముడి కిడ్నీని కూడా పాడు చేశాడు. ఆ మాట నోటితో చెప్పడం కంటే నోరు మూసుకుని చావడం నయమనిపించింది. మాస్క్ అందుకు పనికొచ్చింది.

ఒక మధ్యాహ్నం అండాలు పచ్చిపులుసు వేసి అన్నం పెట్టింది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, చింతపండు. మొదటి ముద్ద నోట్లో పెట్టగానే తల లోపల నిప్పు అంటుకున్నట్టయింది. కంచం ఎత్తి విసిరాడు. స్టీలు కంచం అంచు ఆమె కనుబొమ్మ మీద తగిలింది. రక్తం కంట్లోకి, ముక్కు పక్కనుంచి పెదవి మీదికి కారింది. పిల్లలు పెద్దవాళ్ళయిన తర్వాత అతను ఆమె మీద చెయ్యెత్తలేదు. ఆమె కొంగుతో కనుబొమ్మ అదిమి పట్టుకుని, గోడమీది పులుసు చారలు చూసింది.

“చెయ్యి లేపితివి. ఇగ నోరు గూడ లేపు. ఏమైందో చెప్పు,” అంది.

అతను లేచి దుకాణానికి వెళ్ళిపోయాడు.

గోళీలు ఆమే లెక్కపెట్టి చేతిలో పెట్టేది. అతను మాస్క్ కొంచెం పైకెత్తి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగినట్టు తలెత్తేవాడు. గోళీలు బుగ్గలో ఉండేవి. దుకాణంలో జంగయ్య అటు తిరిగినప్పుడు నీలం డ్రమ్ములోకి ఉమ్మేవాడు. మొదట పెద్దవి ఉమ్మాడు, చిన్నవి మింగాడు. తర్వాత అన్నీ ఉమ్మాడు. ఎలాగూ కుళ్ళినదానికి గోళీలెందుకు అనుకున్నాడు. అలా అనుకుంటే గొంతుకు కాస్త సుఖంగా ఉండేది. వారం గడిచింది. కాళ్ళు మళ్ళీ ఉబ్బడం మొదలుపెట్టాయి. లుంగీ కిందికి దించి కట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. సందులో మనుషులు బారులు తీరారు. జంగయ్య మొద్దు దగ్గర నిలబడి కొడుతున్నాడు. అతని వెనక మూడు మేకలు కొంకులకు వేలాడుతున్నాయి. గోనెపట్టా సందుల్లోంచి అద్దాల ఎండ వాటి పక్కటెముకల మీద పడుతోంది. పొద్దున్నే అండాలు వచ్చి, కనుబొమ్మ మీది కట్టు చూపించి, మరిదితో ఏదో చెప్పి వెళ్ళింది. ఆమె వెళ్ళిన దగ్గర్నుంచి జంగయ్య కత్తి దెబ్బ మారింది. ఒక్క దెబ్బకు తెగే ఎముకను రెండు మూడు దెబ్బలు కొడుతున్నాడు. ముక్కలు ఎగిరి పడుతున్నాయి.

సోమేశ్వరరావు గారి వంతు వచ్చింది. డబ్బా ముందు పెట్టి, కొవ్వు లేకుండా చూడండి బాబూ, ఇంటికి చుట్టాలొచ్చారు అన్నాడు. జంగయ్య తొడ తీసి మొద్దు మీద పెట్టాడు. కొట్టలేదు. అన్న వైపు తిరిగాడు.

“మాస్క్ తియ్.”

పెంటయ్య కదల్లేదు.

“వదినె చెప్పింది. అన్నం తింటలేవంట. నోరు కంపు గొడుతుందంట. సున్నం పెడ్తున్నవా?”

పెంటయ్య తల అడ్డంగా ఊపాడు.

“లేదంటే నోరు సూపెట్టు.”

పెంటయ్య లేచి, దుకాణం పక్క మెట్టు దిగబోయాడు. జంగయ్య అతని చొక్కా వెనక పట్టుకుని లాగాడు. పెంటయ్య తిరిగి మోచేత్తో కొట్టాడు. అది తమ్ముడి ముక్కుకు తగిలింది. ముక్కులోంచి కారిన రక్తాన్ని జంగయ్య తుడుచుకోలేదు. తల ముందుకు వంచి అన్నను గుద్దాడు. ఇద్దరూ వేలాడే మేకల మధ్య పడ్డారు. ఒక మేక కొంకి ఊడి వాళ్ళ మీద పడింది. దాన్ని పక్కకు నెట్టి మళ్ళీ కొట్టుకున్నారు. నేల తడిగా ఉంది. లేవబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు జారిపడ్డారు. వరసలో నిలబడ్డవాళ్ళు వెనక్కి తగ్గారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తారు. ఒకడు అన్నా ముందు నా కిలో ఇచ్చి కొట్టుకోండి అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పెంటయ్య ఒకప్పుడు కొట్లాటనే పనిగా బతికినవాడు. చేతుల్లో బలం లేకపోయినా కళ్ళు ఆ పని మర్చిపోలేదు. దెబ్బలు తింటూనే ఒక సంగతి గమనించాడు. జంగయ్య దవడ మీద కొడుతున్నాడు, చెవి మీద కొడుతున్నాడు, ఎడమ డొక్కలో గుద్దుతున్నాడు. కుడివైపు ఒక్క దెబ్బ కూడా వేయడం లేదు. పెంటయ్య ఒళ్ళు తిప్పి కుడివైపును ముందుకు పెట్టాడు. ఎత్తిన పిడికిలి గాల్లో ఆగింది. ఆ అదనులో పెంటయ్య తమ్ముడి గొంతు పట్టుకుని నొక్కాడు. జంగయ్య ముఖం నల్లబడింది. కళ్ళు ఉబ్బాయి. అయినా అతని మోకాలు అన్న పొట్టకు తగలకుండా పక్కకే ఉంది.

చివరికి జంగయ్య అతని చేతులు విడిపించుకుని, పైకి లాగి, వీపు ఆనేలా మొద్దు మీద పడేశాడు. పెంటయ్య తల కింద సోమేశ్వరరావు గారి తొడ మాంసం ఉంది. జంగయ్య కుడిచేతిలోకి కత్తి వచ్చింది. దాని మొనతో లుంగీ అంచు కిందికి జరిపాడు. ఆపరేషన్ కుట్ల మచ్చ బయటపడింది. మొన దాని మీద ఆగింది.

“ఒట్టేసినవ్. నాది నాకియ్.”

“కొట్టుకుంటే కొట్టుకోండి గానీ, ముందు ఆ కత్తి కింద పెట్టండి బాబూ,” అన్నాడు సోమేశ్వరరావు. స్టీలు డబ్బాను ఛాతీకి అదుముకుని ఉన్నాడు.

జంగయ్య వినలేదు. రెండు వేళ్ళు లేని ఎడమచేత్తో మాస్క్ పీకేశాడు. బొటనవేలిని అన్న పెదవి పక్కనుంచి లోపలికి దూర్చాడు. చిన్నప్పుడు తన దవడ మీద నేర్చుకున్న పట్టు. కానీ మనిషికి ఆ ఖాళీ చిగురు ఉండదు. పెంటయ్య కొరికాడు. పళ్ళు తోలు దాటి, కండ దాటి, ఎముకకు తగిలి ఆగాయి. జంగయ్య వేలు లాక్కోలేదు. ఇంకా లోపలికి నొక్కాడు. నోరు తెరుచుకుంది.

జంగయ్య వంగి చూశాడు. ముఖం ఇంకా దగ్గరికి తెచ్చి వాసన చూశాడు. పుల్లటి, పాచిపట్టిన వాసన. తంబాకు వాసన లేదు. ఇరవై ఏళ్ళు పక్కనే ఉండి పీల్చిన ఆ వాసనను అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. వేలు బయటికి తీశాడు. వేలి మీద తెల్లటి తరక ఒకటి అంటుకుని ఉంది. దాని చుట్టూ రక్తం ఉంది. కొంత తనది, కొంత అన్నది. రెండు వేళ్ళ మధ్య దాన్ని నలిపి చూశాడు.

“ఇది సున్నం గాదు,” అన్నాడు.

కత్తి పక్కన పెట్టాడు. పెంటయ్య మొద్దు మీద అలాగే పడి ఉన్నాడు. లుంగీ పైకి తొలగి ఉంది. ఉబ్బిన కాళ్ళు కనిపించాయి. జంగయ్య ఒక వేలితో పిక్క మీద నొక్కాడు. గుంట పడింది. పూడలేదు.

“గోళీలు మింగుతున్నవా?”

పెంటయ్య కళ్ళు నీలం డ్రమ్ము వైపు పోయి తిరిగొచ్చాయి. జంగయ్య డ్రమ్మును కాలితో తన్నాడు. అది పక్కకు ఒరిగి, పేగులూ పేడా రక్తం గడ్డలూ సందు దాకా పారాయి. జనం కాళ్ళు ఎత్తి పక్కకు తప్పుకున్నారు. జంగయ్య గొంతుక్కూర్చుని చేత్తో వెతికాడు. తాను విసిరేసిన గుర్దాలు ఉన్నాయి. వాటి మధ్య ఒక గోళీ ఉంది. తర్వాత సగం కరిగిన క్యాప్సూల్ ఒకటి. వాటిని అరచేతిలో పెట్టుకుని అన్న దగ్గరికి వచ్చాడు. ఈసారి చెయ్యి ఎత్తలేదు. దానికే పెంటయ్యకు భయమేసింది.

“నాకెందుకు చెప్పలే?”

“ఏమని చెప్పాలె తమ్మీ?” పెంటయ్య చాలా రోజుల తర్వాత నోరంతా తెరిచి మాట్లాడాడు. ప్రతి మాటకూ ముఖం ముడుచుకుంది. “నీ వేళ్ళు తిన్న, నీ గుర్దా తిన్న, గదీ ఖరాబ్ చేసిన అని చెప్పాల్నా?”

జంగయ్య బకెట్ నీళ్ళు తెచ్చి అన్న ముఖం మీద కొట్టాడు. తన చేతులు కడుక్కున్నాడు. బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడు. దుకాణం తెరిచి ఉండగానే, మాంసం మొద్దు మీద ఉండగానే, అన్నను బండి వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని బయల్దేరాడు. కుక్కలు అప్పటికే సందులోకి వచ్చాయి.

దవాఖానలో నవ్య మొదట ఇద్దరి ముఖాలూ చూసి సెక్యూరిటీని పిలవబోయింది. తర్వాత పెంటయ్య నోట్లోకి టార్చి వేసి, పిలవడం మానేసింది. గొంతులోకి గొట్టం వేసి చూసిన డాక్టరు, తెల్లది ఆహారనాళం పొడవునా దిగిందన్నాడు.

ఇది సున్నం వల్ల రాలేదని, కిడ్నీ కుళ్ళి రాలేదని నవ్య వాళ్ళకు చెప్పింది. ఇది ఈస్ట్ అనే ఫంగస్. అందరి నోట్లోనూ ఉంటుంది, తన నోట్లో కూడా ఉంది. ఒంట్లో కాపలా ఉన్నంత కాలం అది ఒక మూల పడి ఉంటుంది. పెంటయ్య ఒంట్లో కాపలాను గోళీలతో కట్టేశారు. కట్టేయకపోతే అది తమ్ముడి కిడ్నీ మీద పడి చీల్చేస్తుంది. కట్టేశారు కాబట్టి నోట్లోది పెరిగింది. కిడ్నీ పెట్టించుకున్నవాళ్ళలో, షుగర్ బాగా ఉన్నవాళ్ళలో, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళలో తరచూ చూస్తుంటామంది. మొదటి రోజే చూపిస్తే చుక్కల మందు ఇచ్చి పంపేసేవాళ్ళమంది.

“డిశ్చార్జ్ రోజున చెప్పాను కదండీ పెంటయ్య గారూ. తెల్లగా కనిపిస్తే ఫోన్ చేయమన్నాను.”

పెంటయ్య తల వంచుకున్నాడు.

జంగయ్య ఒకటే అడిగాడు.

“నేను కొట్టిన మేడం. దానికేమన్న అయిందా?”

ఎక్కడ కొట్టారని ఆమె అడిగింది. అతను అన్న దవడ, చెవి, ఎడమ డొక్క చూపించాడు. ఇటు కొట్టలే అని కుడివైపు చూపించాడు. ఆమె ఆ వైపు చూసింది. కత్తి మొన గీరిన సన్నటి ఎర్రగీత కుట్ల మచ్చ మీద ఉంది.

దెబ్బల వల్ల కాదు గానీ, దానికి అయింది. గోళీలు మానేసిన రోజుల్లో కాపలా కట్లు తెంచుకుంది. సూదితో కిడ్నీలోంచి ముక్క తీసి చూసి, ఒళ్ళు దాని మీద దాడి మొదలుపెట్టిందని డాక్టరు చెప్పాడు. దాడిని ఆపాలంటే పెద్ద మోతాదులో స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వాలి. అవి ఇస్తే నోట్లో తెల్లది ఇంకా చెలరేగుతుంది. దానికి మందు ఇస్తే, ఆ మందు కిడ్నీ గోళీని రక్తంలో పెంచేస్తుంది, కాబట్టి ఆ గోళీ తగ్గించాలి, రోజూ రక్తం తీసి చూడాలి. జంగయ్యకు సగమే అర్థమైంది. ఉంటుందా పోతుందా అని అడిగాడు. ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఇంజెక్షన్లు ఇచ్చారు. పెంటయ్యకు ఒళ్ళంతా కాలింది. కనబడ్డవాళ్ళనల్లా తిట్టాడు. రక్తం తీయడానికి వచ్చిన నర్సు చెయ్యి విదిలించి కొట్టాడు. ట్రే గోడకు తగిలి పడింది. జంగయ్య అతని చెయ్యిని మంచానికి అదిమి పట్టుకుని, తియ్యమ్మా అన్నాడు. ప్రతి ఉదయం అలాగే పట్టుకున్నాడు. అండాలు కనుబొమ్మ మీద కుట్లతో వచ్చి, మంచం కాళ్ళ దగ్గర కూర్చుని, ఇద్దరినీ చూసేది. ఒకసారి, మీ నాయిన మీకు మాటలు నేర్పలేదా అంది. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేర్పినట్టు గుర్తులేదు.

కిడ్నీ పోలేదు. పూర్తిగా మునుపటిలా కూడా కాలేదు. కొంత పోయింది, కొంత మిగిలింది. మిగిలినది ఎన్నేళ్ళుంటుందో మీ చేతుల్లో ఉందని డాక్టరు మర్యాదగా అన్నాడు. జంగయ్య తన చేతులు చూసుకున్నాడు.

నాలుక మీది తెల్లది తగ్గింది. ఎరుపు వచ్చింది. తుప్పు రుచి మాత్రం కొంతకాలం ఉండిపోయింది.

ఇప్పుడు పొద్దున దుకాణం తెరవగానే మొదటి పని ఇది. అప్పటికి జంగయ్య ఇంకా కత్తి పట్టి ఉండడు, మేకను ముట్టి ఉండడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటాడు. పెంటయ్య కుర్చీలో కూర్చుని మాస్క్ దించుతాడు. జంగయ్య కుడిచేత్తో అతని మెడ వెనక పట్టుకుని, ఎడమ బొటనవేలితో నోరు తెరిచి, వెలుతురు వైపు తిప్పుతాడు. బుగ్గలు, అంగిలి, నాలుక కింద చూస్తాడు. గోళీలు ఒక్కొక్కటి నాలుక మొదట్లో పెట్టి, నీళ్ళు పోసి, దవడ మూసి, గొంతు కదిలేదాకా పట్టుకుంటాడు. తర్వాత మళ్ళీ తెరిచి చూస్తాడు. బోనాలప్పుడు కూడా ఆపలేదు. పోచమ్మ గుడి దగ్గర పోతురాజు కొరడా తిప్పుతుంటే, జనం మధ్యలో అన్న దవడ పట్టుకుని చూశాడు.

ఒక ఆదివారం సోమేశ్వరరావు గారు కొంచెం ముందే వచ్చి అది చూశాడు. పసిపిల్లలకు కూడా ఇంత బలవంతంగా వేయరు కదండీ అన్నాడు.

“పిల్లలు దాచిపెట్టరు సార్,” అన్నాడు జంగయ్య.

అతని బొటనవేలి మీద అర్ధచంద్రాకారంలో మచ్చ మిగిలింది. కండ సరిగ్గా కలవక ఉబ్బి ఉంది. పెంటయ్య పళ్ళకు రోజూ అది తగులుతుంది. ఆ ఉదయం కూడా తగిలింది. దవడ మీద పట్టు బిగిసి ఉంది. దవడ కింద ఆ చేతికి మిగిలిన రెండు వేళ్ళు గుచ్చుకుంటున్నాయి. పెంటయ్యకు ఒక్క క్షణం పళ్ళు కలపాలనిపించింది. ఎందుకో తెలియదు, పళ్ళు వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. మచ్చ దగ్గర ఆగాయి.

“మింగు.”

మింగాడు.

“నాలుక సూపెట్టు.”

చూపించాడు. జంగయ్య చూసి, పట్టు వదిలి, చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని, కొట్టంలోకి వెళ్ళి మేకను తాడు పట్టుకుని లాక్కొచ్చాడు. కాసేపటికి దాని గొంతులోంచి రక్తం మోరీలోకి పారింది. తోలు ఒలిచి, కడుపు కోసి, జంగయ్య గుర్దాలు రెండూ బయటికి తీశాడు. వాటిని డ్రమ్ములోకి విసరలేదు. అరచేతిలో కాసేపు తూచినట్టు పట్టుకుని, సోమేశ్వరరావు గారి డబ్బాలో వేశాడు.